లెన్సు వెనక బొట్టు

సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, నరసాపురంలో, రత్నమాణిక్యం కొత్త కెమెరాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. బొట్టు కెమెరా మీద పడలేదు. లోపల పడింది.

నిజానికి ఆ రోజు చేయాల్సిన పని చిన్నది. రత్నమాణిక్యం దగ్గర నలభై మంది ఆడవాళ్ళు లేసు అల్లుతారు. అందరూ కలిసి ఏడు నెలల్లో ఒక టేబుల్ క్లాత్ పూర్తి చేశారు. పన్నెండు మంది కూర్చునే బల్లకు సరిపోతుంది. ముంబయిలో ఒక ఎగుమతి కంపెనీ, ఫొటో చూసి నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానంది. ఫోనుతో తీసి పంపిన మొదటి ఫొటోలు వాళ్ళకు నచ్చలేదు. తెల్ల దుప్పటి మీద తెల్ల లేసు పరిచి తీశారు, కుట్టు ఎక్కడా కనపడటం లేదన్నారు. సోమవారం సాయంత్రం నాలుగు లోపు మంచి కెమెరాతో తీసి పంపాలి, లేకపోతే పని వేరే ఊరికి వెళుతుంది. కంపెనీ మేనేజరు ఆ మాట రెండుసార్లు చెప్పాడు.

కెమెరా ఎంపిక అల్లుడికి అప్పగించారు. అల్లుడు ప్రసన్నకుమార్ రాజమండ్రిలో ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. రత్నమాణిక్యం కూతురు రమ్యశ్రీతో పెళ్ళై నాలుగు నెలలైంది. అతనికి కెమెరాల గురించి ఏమీ తెలియదు. పెళ్ళి పీటల మీద ఉక్కపోత భరించలేక ఫొటోగ్రాఫరుతో, "ఆ లైటొకటి ఆపేయండి సార్" అన్నాడు. లైటు ఆపాక తీసిన ఫొటో ఆల్బంలో అన్నిటికన్నా బాగా వచ్చింది. అప్పటి నుంచి అత్తవారింట్లో అతను కెమెరాలు తెలిసిన మనిషి. కాదని చెప్పే సందర్భం నాలుగు నెలల్లో రాలేదు.

ముందు రోజు, ఆదివారం, మావగారు బుల్లిరాజు రాజమండ్రి వచ్చి అల్లుణ్ణి కెమెరాల షాపుకు తీసుకెళ్ళాడు. షాపు హరిబాబుది. అతను కౌంటరు మీద రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి మిర్రర్‌లెస్. దాని లెన్సు తిప్పితే ఊడి చేతికొస్తుంది. రెండోది కాంపాక్టు, చొక్కా జేబులో పడుతుంది. దాని లెన్సు ఊడదు. ఆపగానే లోపలికి పోయి మూత పడుతుంది.

"దేనికండి?" అని అడిగాడు హరిబాబు.

"లేసండి. దగ్గర్నుంచి కుట్టు కనపడాలి," అన్నాడు బుల్లిరాజు.

"అయితే చిన్నది సరిపోద్దండి. వేలెడు దూరం నుంచి తీస్తుంది. పెద్దదానికి అంత దగ్గరకెళ్ళాలంటే ఇంకో లెన్సు కొనుక్కోవాలి."

బుల్లిరాజుకు చిన్నది నచ్చింది. ప్రసన్నకుమార్‌కూ చిన్నదే నచ్చింది. అయితే చిన్నది అంటే కొత్త అల్లుణ్ణి తక్కువ చేసినట్టవుతుందని మావగారు అనుకున్నాడు. చిన్నది అంటే పెద్దది వాడటం రాదని బయటపడుతుందని అల్లుడు అనుకున్నాడు.

"మీరేదంటే అదేనండి అల్లుడుగారు."

"మీ ఇష్టమండి మావయ్యగారు."

"నాకేం తెలుసండి. పెద్దదేనంటారా?"

"మీరు పెద్దదంటే పెద్దదేనండి."

హరిబాబు ఇరవై రెండేళ్ళుగా ఆ కౌంటరు వెనక కూర్చుంటున్నాడు. "రెండూ పట్టుకెళ్ళండి," అన్నాడు. "మంగళవారం సాయంత్రానికి ఒకటి తిప్పి పంపండి. గీత పడకూడదు. పూజ మాత్రం ఉంచుకునేదానికే చేయండి. పూజ చేసింది వెనక్కి తీసుకోనండి, సందుల్లో పసుపు పోదు."

తర్వాత మిర్రర్‌లెస్ చేతిలోకి తీసుకుని లెన్సు ఊడదీసి, మళ్ళీ పెట్టి చూపించాడు. "దీంట్లో అద్దం ఉండదండి. లెన్సు తీస్తే బొమ్మ పడే సెన్సరు బయటికే ఉంటుంది. అవసరం లేకుండా తీయకండి."

లెన్సు తీయడం ప్రసన్నకుమార్ చూసి నేర్చుకున్నాడు. చివరి మాట వినలేదు. అదే సమయంలో బుల్లిరాజు అతన్ని పెసరట్టు తింటారా, ఇడ్లీ తింటారా అని అడుగుతున్నాడు.

ఆ రాత్రే అల్లుణ్ణి, కూతుర్ని, రెండు కెమెరాలనూ వెంటబెట్టుకుని బుల్లిరాజు నరసాపురం చేరాడు. సోమవారం పొద్దున ఆరున్నరకే ఆడవాళ్ళు వచ్చారు. హాల్లో తెల్ల దుప్పట్లు పరిచి కూర్చోబెట్టారు. చిన్న కెమెరాకు గీత పడకుండా బుల్లిరాజు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. పూజకు పెద్దది బయటికి వచ్చింది.

ప్రసన్నకుమార్ తనకు తెలిసిన ఒక్క విద్య ప్రదర్శించాడు. లెన్సు తిప్పి ఊడదీశాడు.

"కన్ను చేతికొచ్చేసిందేంటండి," అంది సుబ్బాయమ్మ. నలభై మందిలో ఆవిడే పెద్ద. పూర్తయిన టేబుల్ క్లాత్ రెండు వారాలు ఆవిడ ఇంట్లోనే ఉండి, ఆ పొద్దునే ఇక్కడికి వచ్చింది.

రత్నమాణిక్యం పసుపు గిన్నె, కుంకుమ భరిణె తెచ్చింది. "దీనికి ముఖం ఎటండి అల్లుడుగారు?"

"ఇటండి," అని ప్రసన్నకుమార్ కెమెరా నోరు ఆవిడ వైపు తిప్పాడు.

ఆవిడ ఉంగరం వేలితో ముందు తడి పసుపు, దాని మీద కుంకుమ పెట్టింది. అతను లెన్సు బిగించాడు. గడప మీద కొబ్బరికాయ కొట్టారు.

ఏడూ నలభైకి మొదటి ఫొటో తీశాడు. కెమెరా వెనక తెర మీద టేబుల్ క్లాత్ కనపడింది. కింది భాగంలో, నడిమధ్య, పళ్ళెమంత మరక కనపడింది. నలుపు, అంచు ఎరుపు. మరో రెండు తీశాడు. మరక అక్కడే ఉంది. అందరూ టేబుల్ క్లాత్ వైపు చూశారు. దాని మీద ఏమీ లేదు. తర్వాత అల్లుడి వైపు చూశారు.

"కంటికి కనపడటం లేదు కదండి," అంది సుబ్బాయమ్మ.

ప్రసన్నకుమార్‌కు ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. "కంటికి కనపడనివి కూడా పట్టేస్తుందండి ఇది. అందుకే ఇంత పెద్దది."

రత్నమాణిక్యం లేచి టేబుల్ క్లాత్ అంచు పట్టుకుంది.

"అయితే ఉతకాలండి," అంది రత్నమాణిక్యం.

"కిళ్ళీ మరకేమోలెండి," అంది సుబ్బాయమ్మ. "గుడ్డ మా ఇంట్లోనే ఉందిగా."

ఏడు నెలల లేసును పెరట్లో కుంకుడు రసంలో నానబెట్టారు. నలుగురు పట్టుకుని జాడించారు. గంజి పెట్టారు. మామూలుగా లేసును డాబా మీద తెల్ల దుప్పటి పరిచి, గుండుసూదులు గుచ్చి సాగదీసి ఆరబెడతారు. దుప్పట్లన్నీ ఆ రోజు హాల్లో ఉన్నాయి. అందుకని ధాన్యం ఆరబోసే నల్ల బరకం ఒకటి దులిపి డాబా మీద పరిచారు. గుండుసూదులు దానికే గుచ్చారు.

ఈలోపు ప్రసన్నకుమార్ గోడ మీది క్యాలెండరు ఫొటో తీశాడు. మరక ఉంది. పెరట్లో కోడిపెట్టను తీశాడు. మరక ఉంది. రమ్యశ్రీని గదిలోకి పిలిచి కూర్చోబెట్టి తీశాడు. మరక ఆమె గడ్డం మీద పడింది.

"నా మీద కూడా కిళ్ళీ పడిందాండి?" అంది రమ్యశ్రీ.

లెన్సు తీసి చూశారు. లోపల బొట్టు ఉంది.

"అమ్మ పెట్టిన బొట్టు. వెళ్ళి చెప్పండి."

"అత్తయ్యగారు తప్పు చేశారని నేనెలా చెప్తాను?"

"ముఖం ఇటని చూపించింది ఎవరండి?"

"అది కూడా చెప్పాల్సి వస్తుంది కదా."

"పోనీ చిన్నది తీయండి. నాన్నని తాళం అడుగుతాను."

"ఎందుకని అడిగితే ఏం చెప్తావ్? లేసు ఆరేలోపు ఇది బాగవుతుందిలే."

నుదుటి కుంకుమ కొబ్బరినూనెతో పోతుందని ప్రసన్నకుమార్‌కు తెలుసు. దూదికి రెండు చుక్కల నూనె అద్ది సెన్సరు తుడిచాడు. బొట్టు పోయింది. నూనె పోలేదు. కిటికీలోంచి వీధి ఫొటో తీసి చూపించాడు.

"ఇప్పుడు మరక లేదండి," అంది రమ్యశ్రీ. "వీధి కూడా లేదు."

మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనాలకు కూర్చున్నారు. ప్రసన్నకుమార్ రెండు ముద్దలు తిని లేచాడు. రొయ్యల కూర నచ్చలేదని బుల్లిరాజు నిర్ణయించుకున్నాడు. "ఈ ఒడ్డున దొరికేవి అల్లుడుగారికి పెట్టేలా లేవు, రాత్రికి అవతల చూసొస్తా" అని భార్యతో చెప్పి, సంచి పట్టుకుని రేవుకెళ్ళి, బండ్లనూ మనుషులనూ దాటించే పంటు ఎక్కి గోదావరి అవతల సఖినేటిపల్లి వెళ్ళాడు. తాళంచెవి అతని మొలతాడుకే ఉంది.

రెండున్నరకు లేసు ఆరింది. ఆడవాళ్ళు డాబా మీద, పిట్టగోడ నీడలో కూర్చున్నారు. ప్రసన్నకుమార్ కెమెరా మెడలో వేసుకుని మెట్లెక్కాడు. నూనె ఇంకా పోలేదు.

"ఎండ ఎక్కువగా ఉందండి," అన్నాడు. "కాస్త మబ్బు పడితే బాగా వస్తుంది."

సుబ్బాయమ్మ ఆకాశం వైపు చూసింది. నాలుగు దిక్కులా ఎక్కడా మబ్బు తునక లేదు. "అలాగేనండి," అంది. అందరూ మబ్బు కోసం కూర్చున్నారు. ఏమీ తోచక సుబ్బాయమ్మ ఫోను తీసి అటూ ఇటూ తిప్పుకుంటూ ఉంది.

మెట్ల మీద రమ్యశ్రీ తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, ఎక్కడున్నావ్?"

"పంటు మీదున్నానమ్మా. రొయ్యలు బాగా దొరికాయి. ఇంకో రెండు కార్లు ఎక్కితే గాని కదలదంట."

"తాళం కావాలి నాన్నా."

"తాళం నా దగ్గర భద్రంగా ఉందమ్మా. అల్లుడుగార్ని కంగారు పడొద్దని చెప్పు."

బుల్లిరాజు మూడూ ఇరవై ఎనిమిదికి ఇల్లు చేరాడు. రొయ్యల సంచి ఎడమ చేతికి మార్చుకుని బీరువా తెరిచాడు. రమ్యశ్రీ చిన్న కెమెరా మీట నొక్కింది. తెర వెలగలేదు. కొత్త బ్యాటరీ, ఛార్జింగ్ లేదు. నిండటానికి రెండు గంటలు పడుతుందని పెట్టెలోని పుస్తకంలో ఉంది. టైము మూడూ ముప్పై మూడు.

ప్రసన్నకుమార్ మళ్ళీ డాబా ఎక్కాడు. అతని వెనక భార్య, మావగారు, రొయ్యల సంచి ఎక్కాయి. అతను మెడలోని కెమెరా తీసి పిట్టగోడ మీద పెట్టాడు.

"అత్తయ్యగారూ, మరక గుడ్డ మీద లేదండి. కెమెరాలో ఉంది. పొద్దున బొట్టు లోపల పడింది. ముఖం ఇటని చూపించింది నేనే. తుడవబోయి నూనె పూశాను. నాకు కెమెరాలు తెలియవండి. ఏ కెమెరా తెలియదు."

"తెలుసండి," అంది రత్నమాణిక్యం.

"ఏది తెలుసండి?"

"బొట్టు సంగతండి. వేలికి లోపలెక్కడో నున్నగా తగిలింది. ఫొటోలో మరక చూడగానే అర్థమైంది."

"మరి ఉతకాలన్నారేంటండి?"

"కంటికి కనపడనివి పడతాయన్నారు కదండి మీరు. కొత్త అల్లుడుగారు. నలభై మంది ముందు కాదని ఎలాగంటాను?"

"నాకూ తెలుసండి," అంది సుబ్బాయమ్మ. "నేను కిళ్ళీ మానేసి నాలుగేళ్ళయింది."

తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని రమ్యశ్రీ అడిగింది. ఆడవాళ్ళలో ఒక్కరూ చెయ్యెత్తలేదు.

"నాకు తెలియదమ్మా," అన్నాడు బుల్లిరాజు.

మూడూ నలభై ఒకటి అయింది. నలభై మందీ టేబుల్ క్లాత్ వైపు చూస్తున్నారు. ఏడాది పని పోవడానికి పంతొమ్మిది నిమిషాలున్నాయి. సుబ్బాయమ్మ లేచి ఫోను రమ్యశ్రీ చేతిలో పెట్టింది.

"మబ్బు కోసం కూర్చుని ఏం తోచక మూడు తీశానమ్మా, మా అమ్మాయికి పంపుదామని. పనికొస్తాయేమో చూడు."

రమ్యశ్రీ చూసింది. ఫోను ప్రసన్నకుమార్‌కు ఇచ్చింది. అతను రత్నమాణిక్యానికి ఇచ్చాడు. నల్ల బరకం మీద తెల్ల లేసు. గంజి పెట్టి సాగదీయడంతో ప్రతి దారం విడిగా నిలబడింది. అంచు వెంట పువ్వుల రేకలు లెక్కపెట్టొచ్చు. రత్నమాణిక్యం ఒక పువ్వుకు లెక్కపెట్టింది కూడా.

మూడు ఫొటోలూ మూడూ యాభై ఒకటికి ముంబయి వెళ్ళాయి. నాలుగూ ఆరుకు మేనేజరు జవాబు పెట్టాడు. రమ్యశ్రీ పైకి చదివింది. కుట్టు స్పష్టంగా ఉంది, పని మీకే ఇస్తున్నాం, ఇకపై అన్ని ఫొటోలూ ఇలాగే పంపండి, ఇది ఏ కెమెరా?

అందరూ అల్లుడి వైపు తిరిగారు. ప్రసన్నకుమార్ పిట్టగోడ మీది కెమెరా వైపు చూశాడు.

"అల్లుడుగారి సెలక్షనని రాయవే," అంది రత్నమాణిక్యం.

మంగళవారం సాయంత్రం బుల్లిరాజు చిన్న కెమెరా తిప్పి ఇచ్చేశాడు. దాని మీద గీత లేదు. పెద్దది ఎలా ఉందని హరిబాబు అడిగితే, బాగుందండి, అల్లుడుగారు ఊరికే చెప్పరు కదా అన్నాడు. తర్వాత దాన్ని కూడా రాజమండ్రి తెచ్చి, సెన్సరు శుభ్రం చేయించి తీసుకెళ్ళారు. ఇప్పుడది బీరువాలో ఉంటుంది. శుక్రవారం బయటికి తీసి బొట్టు పెడతారు. లెన్సు తీయరు.

ఆ తర్వాత వెళ్ళిన ఫొటోలన్నీ సుబ్బాయమ్మ ఫోనుతో తీసినవే. బరకం మాత్రం కొత్తది కొన్నారు. రంగు ఎంపిక అల్లుడికి అప్పగించారు. నలుపు అన్నాడు.