మేస్త్రీని ముందు ఊరేదని అడగండి

ఇల్లు బాగు చేయించుకోవాలనుకుంటున్నారా? అయితే నా మాట వినండి. మేస్త్రీకి పని వచ్చో రాదో అడగకండి. అతను ఇంతకుముందు కట్టిన గోడలు చూడటానికి ఎండలో పడి తిరగకండి. ఒక్కటే అడగండి. మీది ఏ ఊరు?

ఆ ఒక్క ప్రశ్నతో నమ్మకమైన పనివాడు దొరుకుతాడు. దొరకడమే కాదు, ఇక జన్మలో మిమ్మల్ని వదలడు!

ఇది నేను పుస్తకాలు చదివి చెబుతున్న సంగతి కాదు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. సూరత్‌లో, ఉధ్నా మగ్గాల సందులో, మా ఇంట్లో జరిగిందే చెబుతున్నాను.

మా ఆయన రాజమల్లు పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్. ఎక్కడో మూలనున్న మగ్గం మీద పోగు తెగితే చప్పుడును బట్టి ఇవతల నుంచే కనిపెడతాడు. అంతటి మనిషి ఒక మేస్త్రీని ఎంచుకోవడంలో పొరపాటు చేస్తాడా?

మా అత్తమ్మ వెంకటవ్వకు మోకాళ్ళు అరిగిపోయాయి. మా ఇంట్లో ఉన్నది కింద కూర్చునే పాతకాలపు పాయిఖానా. ఆమె కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి, లేవాలంటే నల్లా పట్టుకోవాలి. ఒకరోజు ఆ నల్లా ఊడి ఆమె చేతిలోకే వచ్చింది. తడిసి ముద్దయి, నల్లాను చేత్తో పట్టుకుని బయటికొచ్చిన తల్లిని చూసి మా ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చునే కమోడ్ కొనుక్కొచ్చాడు. కరోనా అడుగుపెట్టిన ఏడాది, శివరాత్రి వెళ్ళిన రోజులవి. ముందు కమోడ్, తర్వాత వంటింటి గట్టు. ఇదీ మా ప్లాను.

పక్కింటి భూదేవి ఒక ప్లంబర్ సంగతి చెప్పింది. వాళ్ళింటికి వస్తాడట, చేస్తాడట, పోతాడట.

"ఆయనెవరో ఏందో. ఎవరు పడితే వాళ్ళను ఇంట్లకు రానిస్తమా?" అన్నాడు మా ఆయన.

నిజమే కదా! ముక్కూ మొహం తెలియనివాడు ఏకంగా బాత్రూమ్ దాకా రావడం ఏం మర్యాద?

అందుకని ఆదివారం ఆయన ఉధ్నా స్టేషన్ దగ్గరి చాయ్ బండికి వెళ్ళాడు. మన జిల్లాల వాళ్ళంతా పని కోసం అక్కడే నిలబడతారు. ఒక్కొక్కరినీ ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, తాత పేరడిగాడు. చివరికి సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన దశరథం దొరికాడు. తాపీ మేస్త్రీ. పని సంగతి మాట్లాడుకునే లోపే తేలిందేమిటంటే, దశరథం తల్లి పుట్టింటి ఇంటిపేరు మా ఇంటిపేరే. అంటే ఆమె మా ఆయనకు అక్క వరుస. అక్క కొడుకు అల్లుడు కాక మరేమవుతాడు?

మాకు ఇద్దరూ మగపిల్లలే. కూతురు లేకుండానే అల్లుడు దొరికాడు. ఏ ప్లంబర్ ఇవ్వగలడు ఈ భాగ్యం?

మర్నాడు దశరథం తాపీ, సుత్తి ఉన్న సంచితో వచ్చాడు. మా ఆయన ఆ సంచి అందుకుని మూలన పెట్టి, కాళ్ళకు నీళ్ళిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను పూరీలు చేశాను. అల్లుడు మొదటిసారి గడప తొక్కితే చేతికి సుత్తి ఇస్తామా?

రెండో రోజు అతనే అడిగాడు. "మామా, ఆ పాయిఖానా ఏడున్నదో చూపెట్టుండ్రి. పాతది పలగ్గొడత."

మా ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అల్లునివి నువ్వు. నీతోని గా పని చేయిస్తనా? నలుగురు ఏమంటరు?"

"మరి నన్నెందుకు పిలిచిండ్రు మామా?"

మా ఆయన హాలు నలుమూలలా చూసి, "దేవుని గది కట్టు" అన్నాడు.

ఆ విధంగా, అసలు ప్లానులోనే లేని దేవుని గది మా హాలు మూలన వెలిసింది. దేవుడికి గది అంటే నేను మాత్రం వద్దంటానా? మార్కండేయుని పటానికి పైన చిన్న కమాను, కింద తెల్ల టైల్స్. చూడముచ్చటగా ఉంది. వాలు మాత్రం కొంచెం హాలు వైపుకు వచ్చింది. నేను గది కడిగితే నీళ్ళు మోరీలోకి పోకుండా హాల్లోకి వస్తాయి. రోజూ ఇల్లంతా తీర్థమే! అల్లుణ్ణి వాలు తప్పిందని అనగలమా?

తలుపు చేసింది వడ్ల బ్రహ్మచారి. ఆయనది మా పక్క ఊరు, మా ఆయనకు కాక, అంటే చిన్నాన్న వరుస. ఆ తలుపు ముప్పాతిక దాకా వచ్చి ఆగుతుంది. కాకను ఏమనగలం? "దేవునికి జర గాలి ఆడాలె గద" అని మా ఆయనే సర్దుకున్నాడు.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. ఆ కబురు టీవీలో వచ్చేసరికి దశరథం మా ఇంట్లో అన్నం తింటున్నాడు. అతని గదిలో ఎనిమిది మంది ఉంటారు. అల్లుణ్ణి అక్కడికి పంపుతామా? ఉండిపొమ్మన్నాం.

ఇక్కడే మీరు గమనించాలి. మేస్త్రీలు దొరకడం లేదని దేశమంతా మొత్తుకుంటున్న రోజుల్లో మా మేస్త్రీ మా చాప మీదే ఉన్నాడు! కళ్ళు తెరిస్తే మేస్త్రీ, కళ్ళు మూసే ముందు మేస్త్రీ. ఇంతకంటే నమ్మకమైన పనివాడు మీకెవరికైనా దొరికాడా?

హాల్లో ఈ గోడకు దశరథం, ఆ గోడకు డబ్బాలో కమోడ్. మధ్యలో మేమంతా. మొదట సిమెంటు దుకాణాలు బందు. తర్వాత తెరిచారు. దశరథం ఒకటి రెండుసార్లు డబ్బా వైపు చూసి, "అత్తా, మామ కార్ఖానాకు పోయినప్పుడు చేసేద్దునా?" అని నన్ను మెల్లగా అడిగాడు కూడా. కార్ఖానాలే మూతపడ్డాయి, మామ ఎక్కడికి పోతాడు? అదీగాక రెండు పూటలా అల్లుడి మర్యాద అందుకుంటున్న మనిషికి సుత్తి చేతికి వస్తుందా? అతను మా అత్తమ్మతో అష్టాచెమ్మా ఆడేవాడు. పాపం, ఆమెను గెలవనిచ్చేవాడు.

కూరగాయల బండివాణ్ణి గడప అవతలే నిలబెట్టి, చిల్లర మీద శానిటైజర్ చల్లిన మా ఆయన, బయట తిరిగొచ్చిన దశరథాన్ని చేతులు కడుక్కోమని ఒక్కనాడూ అనలేదు. అల్లుళ్ళకు కరోనా రాదని డాక్టర్లు చెప్పి ఉంటారు.

డబ్బా కనబడకుండా పూల దుప్పటి కప్పాం. కిటికీలోంచి చూసిన భూదేవి ఒకరోజు అడిగింది. "టీవీ కొన్నరా జమునా? ఎన్ని ఇంచులది?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "పెద్దదే" అన్నాడు.

రైళ్ళు నడవగానే దశరథం ఊరికి పోయాడు. నేను కొత్త అంగీ పెట్టి పంపాను. దసరా తర్వాత తిరిగొచ్చాడు. ప్రతి ఆదివారం వచ్చి, మంచీచెడ్డా అడిగి, తిని, దుప్పటి వైపు ఒకసారి చూసి వెళ్ళేవాడు.

ఇప్పుడు అసలైన లాభం చెబుతాను. పని ఆగడం వల్ల మా ఇంట్లో భక్తి పెరిగింది!

అత్తమ్మ సోమవారం శివునికి, శనివారం వెంకన్నకు ఎప్పటినుంచో ఉపవాసం ఉంటుంది. కొత్తగా మంగళవారం చేరింది. తర్వాత గురువారం. ఉపవాసం లేని రోజున కూడా పొద్దుగూకితే మంచినీళ్ళు ముట్టదు. మజ్జిగంటే ప్రాణమిచ్చే మనిషి, చెంబు ఇస్తే పక్కకు జరిపేది. మా ఆయన ఊరికి ఫోన్ చేసి మరీ చెప్పాడు, "మా అవ్వది ఉపాసం కాదు, తపస్సు" అని. నేను కూడా గర్వపడ్డాను. మేస్త్రీ వేళకు పని ముగించే ఇళ్ళలో ఇంత నిష్ఠ ఎక్కడైనా చూశారా?

ఒక బుధవారం ఆమె పళ్ళెం ముట్టకుండా లేవబోయింది.

"అత్తమ్మా, బుధారం ఏ దేవునిది?" అని అడిగాను.

"మోకాళ్ళ దేవునిది" అంది. నవ్వలేదు. "తింటే పోవాలె. తాగితే పోవాలె. పోతే మల్ల లేవాలె గద బిడ్డా."

ఆ రోజు నేను దేవుని గది ముందు చాలాసేపు కూర్చున్నాను. స్వామీ, ఈ ఉపవాసాలన్నీ నువ్వు ఎవరి పేరున రాసుకుంటున్నావు, అని అడిగాను. తలుపు పూర్తిగా మూసుకోదు కాబట్టి నా మాట ఆయనకు వినబడలేదని అనడానికి లేదు.

రెండోసారి వచ్చిన కరోనా తగ్గుముఖం పట్టాక, ఒక పొద్దున భూదేవి ఇంటి ముందు ప్లంబర్ స్కూటర్ ఆగింది. మా ఆయన కార్ఖానాలో ఉన్నాడు, డబుల్ డ్యూటీ మీద మర్నాడు రాత్రికి గానీ రాడు. అత్తమ్మ గోడ పట్టుకుని గడప దాకా వెళ్ళింది.

"ఓ భాయ్" అని పిలిచింది.

అతను వచ్చి, ఏం బిగించాలని హిందీలో అడిగాడు. "మాసీ, క్యా లగానా హై?"

అత్తమ్మ దుప్పటి లాగేసింది. "యే."

"కహా?"

"ఇధర్" అంది, బాత్రూమ్ వైపు చెయ్యి చూపి.

అంతే. ఇంటి పని ఒప్పుకోవడం ఇంత చిన్న మాటల్లో అయిపోతుందని నాకు తెలియదు. అలవాటు కొద్దీ నేను ఊరేదని అడగబోయి, "భాయ్, ఆప్ కా గావ్..." అని మొదలుపెట్టాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ చేతిలో ఇంకా అంత బలం ఉందని కూడా నాకు తెలియదు.

సాయంత్రానికల్లా పాతది పోయి కొత్తది కూర్చుంది. నల్లా పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ కూడా బిగించాడు. రేపటిదాకా సిమెంటు ఆరనివ్వమన్నాడు. ఆ ఒక్క రాత్రికీ భూదేవి వాళ్ళ తలుపు తట్టాం. టీవీ ఏదని ఆమె అడగలేదు.

కానీ పాఠకులారా, ఇదేం మనిషండీ? మా చాయ్ ముట్టలేదు, సీసాలోని తన నీళ్ళే తాగాడు. మా ఊరు అడగలేదు. సిరిసిల్ల ఏ దిక్కున ఉందో అతనికి తెలియనే తెలియదు. మాస్కు కూడా తీయలేదు, రేపు బజార్లో ఎదురైనా గుర్తుపట్టలేను. పని మాత్రం చేసి పోయాడు. ఇలాంటివాళ్ళను ఎలా నమ్మడం?

మర్నాడు పొద్దుగూకాక డ్యూటీ దిగి మా ఆయన ఇంటికొచ్చేసరికి అంతా ఆరిపోయింది. హాల్లో దుప్పటి లేదు, డబ్బా లేదు. బాత్రూమ్ తలుపు తీసి చూసి నా వైపు తిరిగాడు.

"ఎవరు జేసిండ్రు?"

"ఎవరో."

"ఏ ఊరాయన?"

"అడగలె."

"పేరు?"

"అడగలె."

మా ఆయన దిగులుగా కూర్చున్నాడు. అక్క కొడుక్కు ఏమని చెప్పాలి అన్నట్టు ముఖం పెట్టాడు. కాసేపటికి ఏదో తోచింది. "అవ్వను ఏమని పిలిచిండు?"

"మాసీ అన్నడు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మాసీ అంటే చిన్నమ్మ. అవ్వ ఆయనకు చిన్నమ్మయితే ఆయన నాకు తమ్ముడైతడు. ఇగ ఇంటోడే. వంటింటి గట్టు ఆయనకే ఇద్దాం. ఐతారం బువ్వకు పిలువురి."

బాత్రూమ్‌లోంచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, అత్తమ్మ నడిచొచ్చింది.

"నీకు దండం పెడత కొడుకా, గాయనతోని వరుస కలపకు. కలిపితే వంటింటి గట్టు గూడ ఆగుతది" అంది.

తర్వాత నా వైపు చెయ్యి చాపింది. పొద్దుగూకి చాలాసేపయింది. నేను మజ్జిగ చెంబు అందించాను. ఒక్క గుక్కలో తాగేసి, ఇంకా ఉన్నదా అని అడిగింది.