ఒక్కరోజు బోర్డు

ఆ రోజు ఉదయం ఆర్టిస్టు పెట్టుకున్న పని ఒక్కటే, భార్యకు ఒక్క మాట చేరవేయడం. నోటితో చెప్పడం అయ్యే పని కాదు. అక్క బాత్రూంలో జారిపడి మోకాలు విరగ్గొట్టుకుందని సాయం వెళ్లిన ఆవిడ, చేతుల నిండా పనితో, ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడుతుంది. అవతల అక్క, బావ, నర్సు వింటుంటే ఈయన "తిన్నావా?" అంటాడు. "తిన్నా, మీరు తిన్నారా?" అంటుంది ఆవిడ. పెట్టేస్తారు. నెలన్నరగా ఇదే సంభాషణ.

రాసి పంపుదామంటే స్మార్ట్‌ఫోనంటే ఆయనకు హడల్. ముప్పై ఏళ్లు ఊళ్లో దుకాణాల బోర్డులన్నీ కుంచెతో రాసిన మనిషి. కంప్యూటరు వచ్చి గంటలో బోర్డు అచ్చేసి పారేస్తుంటే ఆయన కుంచెలు డబ్బాలోనే బిగుసుకుపోయాయి. నోటి దగ్గర కూడు లాక్కున్నదాన్ని ముట్టుకునేది లేదని పంతం పట్టాడు. ఆవిడేమో వెళ్తూ వెళ్తూ తన పాత ఫోను ఆయన చేతిలో పెట్టి, "నేర్చుకోడానికి వయసేంటండీ? లైబ్రరీలో పెద్దవాళ్లకి నేర్పుతున్నారట, వెళ్లండి," అంది. పక్కన ఖాళీ దిండు చూసి చూసి, వారం తిరక్కుండానే పంతం సడలింది. వెళ్లాడు.

నిన్నటి పాఠం వాట్సాప్ స్టేటస్. "ఫొటో తీసి ఇక్కడ నొక్కితే మీవాళ్లు చూస్తారు," అంది లైబ్రరీ మేడమ్. తనవాళ్లంటే తనకున్నది ఆవిడొక్కతే కదా అనుకున్నాడు ఆర్టిస్టు.

టైపు చేయడం ఇంకా రాదు. అట్టముక్క మీద కుంచెతోనే రాశాడు: "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది." డబ్బాల్లో ఎండిపోకుండా మిగిలింది నల్ల రంగొక్కటే. అలవాటు కొద్దీ చుట్టూ అంచు కూడా గీశాడు. అట్టముక్క వెలవెలబోతోందని గోడ మీది ఆవిడ ఫొటో దించి పక్కన నిలబెట్టాడు. వెలుగు చాల్లేదని టేబుల్ లైటు వేశాడు. ఫొటో తీసి, కళ్లు మూసుకుని నొక్కాడు.

పావుగంటలో ఎదురింటి టైలరు మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు.

"ఒక్కమాట మాకు చెప్పలేదేంటన్నా?"

"ఏం చెప్పనురా, సిగ్గేసింది."

"అసలెలా జరిగింది?"

"బాత్రూంలో జారిపడటం. అక్కణ్ణించే వచ్చింది ఇదంతా."

టైలరు భోరుమని, వెళ్లి కుర్చీలు తెప్పించాడు. కాసేపటికి లైబ్రరీ మేడమ్ క్లాసు మొత్తాన్నీ వెంటబెట్టుకుని పూలగుత్తులతో దిగింది. అందరూ లేచి మౌనం పాటించారు. ఎందుకో తెలియకపోయినా మర్యాదకు ఆయనా లేచాడు. తన ఒంటరితనానికి ఇంతమంది బాధపడుతున్నారని అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

"ధైర్యంగా ఉండాలండీ," అంది మేడమ్.

"నా వల్ల కావట్లేదమ్మా. రోజూ పొద్దున్నే రెండు కప్పుల టీ పెట్టేస్తున్నా. రెండోది చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చుంటున్నా."

వెనక వరుసలో ఎవరో వెక్కారు.

"ఎక్కడున్నా ఆవిడ మిమ్మల్ని చూస్తూనే ఉంటారు."

"చూడాలనే కదమ్మా పెట్టింది!"

మధ్యాహ్నం గుమ్మం ముందు ఆటో ఆగింది. సంచి పట్టుకుని ఆవిడ దిగింది. టైలరు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. క్లాసు క్లాసంతా గోడకు అతుక్కుపోయింది. ఆవిడ ఎవర్నీ చూడలేదు, నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"ఊరందరికీ బోర్డులు రాశారు. నాకొక్క ముక్క రాయడానికి ముప్పై ఏళ్లు పట్టిందా?" అంది. కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"వచ్చేశావా?" అన్నాడాయన.

"అక్కకి చూపించా. నర్సుందిగా, వెళ్లవే అని తనే బావ చేత బస్సెక్కించింది. ఇంతకీ ఈ కుర్చీలేంటి?"

మేడమ్ నీళ్లు నమిలి విషయం చెప్పింది. ఆ ఫోనులో నంబర్లున్న వీధి వీధంతా అది చూసేసిందని తెలిసి ఆర్టిస్టు తల పట్టుకున్నాడు.

"ముందా ఫోనిలా ఇవ్వండి, తీసేద్దాం," అంది మేడమ్.

ఆవిడ ఫోను అందుకుని ఆ నల్లటి అక్షరాలను చాలాసేపు చూసింది. "తీయకపోతే ఎన్నాళ్లుంటుంది?"

"రేపు పొద్దున దానంతటదే పోతుందండీ."

"అయితే ఉండనివ్వండి."

"అందరూ నువ్వు పోయావనుకుంటారే!" అన్నాడు ఆర్టిస్టు.

"అనుకోనివ్వండి. ఒక్కరోజేగా."

సాయంత్రానికి మరో రెండు పూలగుత్తులు వచ్చాయి. ఆవిడే తలుపు తీసి అందుకుంది.