అమ్మ తుడిచేసిన ఎడారి

ఆ రోజు పొద్దున నూర్ మొహమ్మద్ వేసిన పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్యనూ కూతురినీ అల్ కుసైస్‌లోని బడి దగ్గర దింపుతాడు. తను లారీ వేసుకుని ఫుజైరా వెళ్ళి క్వారీలో కంకర ఎత్తుకుంటాడు. మధ్యాహ్నం కూతురి ఇంటర్వ్యూ వేళకు చొక్కా మార్చుకుని వచ్చేస్తాడు. అంతవరకూ ఆ ఇద్దరూ చేయవలసిన పని ఒక్కటే. ఏమీ చేయకుండా కూర్చోవడం.

“ఏమీ తాకొద్దండి. ఎవురితోనూ మాట్లాడొద్దండి. నేనొచ్చేదాకా కూర్చోనుండండి, ఖలాస్,” అన్నాడు వాళ్ళను లారీలోంచి దింపుతూ.

“నేనేమన్నా చంటిబిడ్డనా?” అంది జైబున్నీసా.

“చంటిబిడ్డకైతే ఇన్నిసార్లు చెప్పే పనుండదు,” అని లారీ కదిలించాడు.

ఫైజా ఏమీ అనలేదు. ఆ పిల్ల సాధారణంగా ఏమీ అనదు. రాయచోటి దగ్గరి పల్లెలో చదివిన రోజుల్లో హాజరు పిలిస్తే, “ఉన్నాను సార్” అనడానికి గొంతు సర్దుకునేలోపే సారు తర్వాతి పేరుకు వెళ్ళిపోయేవాడు. మార్కుల్లో బడికంతా మొదటిది, హాజరులో ఊళ్ళోనే లేనిది. దుబాయ్ వచ్చి మూడు నెలలైనా పక్క ఫ్లాటువాళ్ళకు ఇంకా ఆ పిల్ల గొంతు తెలియదు.

ఇప్పుడు ఆ గొంతుతోనే పని పడింది. ఆ బడి మామూలు బడి కాదు. దేశంలో ఏ మూల మంచి మార్కులు వచ్చిన పిల్లలున్నా ఏరి తెచ్చుకుంటుందని దాన్ని మాగ్నెట్ స్కూలంటారు. ఆ పేరు విన్నప్పుడు జైబున్నీసా, “అయస్కాంతం బడా? దీన్ని పొద్దున్నే మంచం మీంచి లాగలేక నేను చస్తాండా, ఆ బడేం లాగుతాదిలే,” అంది. కానీ బడి లాగింది. రాతపరీక్షలో ఫైజా పేరు పైవరసలో వచ్చింది. ఇక నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడితే సీటు. మాట్లాడకపోతే తల్లీ కూతుళ్ళిద్దరూ ఊరికి విమానం ఎక్కాలి. తెలుగు మీడియం పిల్లను చదువు నడిమధ్యలో చేర్చుకుంటామన్న బడి ఇంకొకటి లేదు మరి. పుట్టినప్పటి నుంచీ ఫైజా తండ్రిని సెలవుల్లో వచ్చే చుట్టంలాగానే చూసింది. ఆయన నిద్రలో గురక పెడతాడని ఈ మూడు నెలల్లోనే తెలిసింది. ఆ గురక అలవాటయ్యాక మళ్ళీ వదిలి వెళ్ళాలంటే ఆ పిల్లకు దుఃఖం వచ్చేది.

అందుకే హాల్లో కూర్చోగానే, “నేను బాత్రూంలో అద్దం ముందు ఒకసారి చెప్పుకోని వస్తానమ్మీ,” అని వెళ్ళింది. అద్దంలోని పిల్లతో కూడా మాట్లాడటానికి కొంత సేపు పట్టింది. వచ్చేసరికి తల్లి ఓణీ కొంగు దులుపుతూ నిలబడి ఉంది. ముఖంలో పని ముగించిన తృప్తి.

“చూడు, ఎంత పెద్ద బడో! హాలు నడుమ బల్ల మీద గంపెడు ఇసుక పేరుకోనుంటే తుడిచే దిక్కు లేదు. మొన్నటి ఇసుకగాలికి వచ్చినట్లుండాది. అంతా తుడిచి బయట దులిపేసినా. ఎవురో పిల్లోళ్ళు ఆడుకోని బొమ్మ ఒంటెలు కూడా పారేసిపొయినారు. పాపం, ఏడుస్తారని కిటికీలో పెట్టినా.”

కిటికీలో ప్లాస్టిక్ ఒంటెలు వరసగా నిలబడి బయటికి చూస్తున్నాయి. ఖాళీ బల్ల పక్కన ఒక టేబుల్ ఫ్యాన్, దాని వెనక ఇంగ్లీషులో పెద్ద అక్షరాల అట్ట. జైబున్నీసాకు ఇంగ్లీషు రాదు. ఫైజా చదివింది. ‘నడిచే ఎడారి. మా విద్యార్థుల నమూనా. ఈ మధ్యాహ్నం గౌరవనీయులైన ముదీర్ గారి సందర్శనార్థం.’

“అమ్మీ,” అంది ఫైజా. “అది దుమ్ము కాదు. ఎడారి.”

“ఎడారంటే దుమ్ము కాదా?”

“వాళ్ళు చేసిన ఎడారి. పెద్ద ముదీర్ చూసేదానికి. బడులకంతా పైఅధికారి.”

జైబున్నీసా బల్ల వైపూ, తలుపు వైపూ చూసింది. బయట గాలి వాకిట్లో దులిపిన ఎడారిని అప్పటికే ఎత్తుకుపోయింది.

సరిగ్గా అప్పుడే వాచ్‌మాన్ వచ్చాడు. సూడాన్ మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు. ఖాళీ బల్ల చూసి, ఇసుకేదన్నట్టు చేతులు తిప్పుతూ అరబ్బీలో ఏదో అడిగాడు. జైబున్నీసా రెండు చేతులూ జోడించింది.

“మాఫీ భాయ్! మాఫీ!”

అసలు చిక్కంతా ఈ మాటలో ఉంది. జైబున్నీసా ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనూ, ఊళ్ళో మాట్లాడే తెలుగులోనూ మాఫీ అంటే క్షమాపణ. వాచ్‌మాన్ మాట్లాడే అరబ్బీలో మాఫీ అంటే లేదు. ఇసుకేదని అడిగితే ఈమె లేదంటోంది. అతను బల్ల వైపు చూశాడు. నిజంగానే లేదు. లోపల ఎవరో సర్ది ఉంటారనుకుని, కంగారు పడుతున్న ఆడమనిషికి ధైర్యం చెబుదామని చిరునవ్వు నవ్వాడు.

“మాఫీ ముష్కిల్,” అన్నాడు. పర్వాలేదమ్మా, ఇబ్బందేమీ లేదు అని.

జైబున్నీసా కూతురి చెయ్యి పట్టుకుంది. ఉర్దూలో ముష్కిల్ అంటే కష్టం. “విన్యావా ఫైజా? క్షమించేది కష్టమంట!”

మళ్ళీ చేతులు జోడించింది. అతను ఇంకా వెడల్పుగా నవ్వి, “మాఫీ ముష్కిల్, మాఫీ ముష్కిల్,” అని చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు.

“నవ్వుకుంటా చెప్పిపోతాండాడే! ఈ దేశంలో శిక్ష కూడా నవ్వుకుంటానే ఏస్తారేమో. నీ సీటు పాయె, మీ నాయన వీసా కూడా పాయె! లెయ్ లెయ్, ముదీర్ వచ్చేలోపల మళ్ళీ ఎడారి చెయ్యాల.”

అంత ఎడారి దేశంలో గంపెడు ఇసుక కావలసి వచ్చేసరికి ఆ బడి చుట్టూ ఎక్కడా దొరకలేదు. ముందంతా టైల్సు, వెనకంతా పచ్చిక. చివరికి పక్క స్థలంలో లేస్తున్న కట్టడం దగ్గర ఇసుక కుప్పలు కనిపించాయి. అక్కడ పార పట్టుకున్న మనిషి తెలుగువాడేనని అతని తిట్లను బట్టి తెలిసింది. పేరు పోశయ్య, ఊరు జగిత్యాల వైపు.

“అన్నా, రవ్వంత ఇసుక ఇస్తావా? ఎడారి చెయ్యాల,” అంది జైబున్నీసా.

పోశయ్య పార ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. “ఎడారి చేస్తవా? ఉన్న ఎడారి సాల్తలేదా అక్కా?”

“సగం చెప్తే అర్థం కాదు, మొత్తం చెప్పే టైము లేదు.”

“మస్తుగున్నది, తీస్కపో. గా కుప్పలకెళ్ళి తీస్కో. గిది మాల్,” అని తన ముందున్న కుప్పను చూపించి, మేస్త్రీ కేక వేస్తే అటు పోయాడు.

కట్టుబడివాళ్ళు మాల్ అనేది సిమెంటు కలిపిన ఇసుకని. జైబున్నీసాకు తెలిసిన మాల్ సరుకు. మంచి సరుకు ఎదురుగా ఉండగా దూరంగా ఉన్న నాసిరకం ఎందుకు? ఓణీ పరిచి, ముందున్న కుప్పలోంచే నింపుకుంది.

“నల్లగా ఉండాదమ్మీ,” అంది ఫైజా.

“కొత్తది. ఎండకు ఎర్రబడతాదిలే.”

హాల్లో ఎవరూ లేరు. జైబున్నీసా బల్ల మీద ఇసుక పోసి, దిబ్బలు నిలబడటానికి సీసాలోని నీళ్ళు చిలకరించి, ఊళ్ళో అరుగు అలికినంత శ్రద్ధగా అరచేత్తో నున్నగా మెత్తింది. పాత ఎడారిలో మూడు దిబ్బలుంటే, ఎందుకైనా మంచిదని ఐదు పెట్టింది. కిటికీలోంచి ఒంటెల్ని తెచ్చి, జారకుండా మోకాళ్ళ దాకా పాతింది. ఆ తర్వాత ఇద్దరూ గోడవారగా కూర్చుని, నూర్ మొహమ్మద్ చెప్పినట్టే ఏమీ తాకకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా ఎదురుచూశారు.

మధ్యాహ్నం పెద్ద ముదీర్ వచ్చాడు. తెల్లటి గడ్డం, నెమ్మదైన మనిషి. ఆయన పక్కన ప్రిన్సిపాల్ అన్నమ్మ మేడమ్, వెనక టీచర్లు, ఒక ఫొటోల మనిషి. మేడమ్ కేరళావిడ. గల్ఫ్‌కు వచ్చి చాలా ఏళ్ళయిందనీ, అరబ్బీ బాగా వచ్చనీ ఆమే అందరికీ చెబుతుంటుంది. బల్ల దగ్గర పదకొండో తరగతి అనమ్ నిలబడింది. బడికి వచ్చే కప్పులన్నీ ఆ పిల్లవే. చేతులు వెనక్కి కట్టుకుని, పైకప్పు వైపు చూస్తూ మొదలుపెట్టింది.

“గాలి వీచినప్పుడు ఇసుక రేణువులు ఎగిరి ముందుకు పడతాయి. అలా దిబ్బ మొత్తం నడుస్తుంది. ఇప్పుడు మీ కళ్ళ ముందే చూడండి!” అని ఫ్యాన్ వేసింది.

ఎడారి కదల్లేదు. ముదీర్ గడ్డం మాత్రం కదిలింది.

“చూశారా, ఎంత వేగంగా నడుస్తోందో!” అంది అనమ్ పైకప్పుతో. అన్నమ్మ మేడమ్ తల ఊపింది. మేడమ్ ఊపింది కాబట్టి టీచర్లందరూ ఊపారు. ముదీర్ వంగి ఒక దిబ్బను వేలితో కొట్టాడు. టక్‌మంది. ఒంటెను పట్టుకుని లాగాడు. రాలేదు.

“ఇది నడవడం లేదమ్మా,” అన్నాడు ఇంగ్లీషులో.

అనమ్‌ను మధ్యలో ఆపితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. “గాలి వీచినప్పుడు ఇసుక రేణువులు...”

అన్నమ్మ మేడమ్ ముఖం ఎర్రబడింది. గోడవారగా ఉన్న జైబున్నీసాను చూసి, “మీరు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారుగా? దీన్ని ఎవరు తాకారో చూశారా?” అని హిందీలో అడిగింది.

జైబున్నీసా లేచి, నేరం ఒప్పేసుకుంది. “మాఫీ మేడమ్! మాఫీ!”

మేడమ్ చెవికి అది లేదని వినిపించింది. “ఆమె ఎవర్నీ చూడలేదు. అయితే ఇది నీ పనే!” అని వాచ్‌మాన్ మీద విరుచుకుపడింది. “కాపలా పెడితే నిద్రపోయావా? రేపటి నుంచి రానక్కర్లేదు!”

ఆరడుగుల మనిషి అయిదడుగులయ్యాడు. జైబున్నీసా, “మాఫీ, మాఫీ,” అంటూ మధ్యలోకి వచ్చిన కొద్దీ ఆమె మరీ గట్టిగా లేదంటున్నట్టు వినిపిస్తోంది.

ఫైజా వాచ్‌మాన్ వైపు చూసింది. నోరు తెరిస్తే సీటు పోతుంది, నాన్న దూరమవుతాడు. తెరవకపోతే ఈ మనిషి అన్నం పోతుంది. అద్దం ముందు నేర్చుకున్న మాటల్లో ఇక్కడ పనికొచ్చేది ఒక్కటీ లేదు. లేచి నిలబడింది.

“అతను కాదు సార్!” ఇంగ్లీషు మాట అంత గట్టిగా వస్తుందని ఆ పిల్లకే తెలియదు. అనమ్ కూడా పైకప్పు మీంచి చూపు దించింది. “మా అమ్మ మీ ఎడారిని తుడిచేసింది. దుమ్మనుకుంది. మళ్ళీ మేమే చేశాం. ఇసుకలో సిమెంటు కలిసినట్టుంది. ఇది నడవదు సార్. నూరేళ్ళయినా నడవదు.”

ముదీర్ భుజాలు అదరడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకున్నారు. తర్వాత పెద్దగా నవ్వేశాడు.

“మా తాత జీవితమంతా గుమ్మంలో ఇసుక ఊడ్చాడు. ఇలా ఆపొచ్చని ఆయనకు తట్టలేదు,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “ఈ బల్ల మీద ఉన్నది చూసి ఉన్నట్టు చెప్పింది ఈ పిల్లే. మీ విద్యార్థినేనా?”

“కాదు సార్, సీటు కోసం వచ్చింది.”

“ఇచ్చారా మరి?”

అన్నమ్మ మేడమ్ తన అరబ్బీని బయటికి తీయడానికి ఇదే అదను అనుకుంది. చేయి అడ్డంగా ఊపుతూ, “సీట్ మాఫీ సార్! మాఫీ!” అంది.

పొద్దున్నుంచీ జైబున్నీసా ఎదురుచూస్తున్న మాట. అదీ ప్రిన్సిపాల్ నోటి నుంచి, ఒకటికి రెండుసార్లు. ఒక్క పరుగున వచ్చి మేడమ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “అల్లా మీ పిల్లాజెల్లను సల్లగా సూడాల మేడమ్! ఇంత పెద్ద మనసు నేను యాడా సూడలేదు!” అని ఏడుస్తూ చేతులు ఆకాశానికెత్తింది.

తెలుగు ఎవరికీ అర్థం కాలేదు. ఆనందం అందరికీ అర్థమైంది. మేడమ్ ‘సీట్’ అనడం, తల్లి కృతజ్ఞతతో ఏడవడం చూసిన ముదీర్, మేడమ్ అరబ్బీయే తప్పిందనీ, సీటు వచ్చిందనీ అనుకున్నాడు. “మబ్రూక్! అభినందనలు! మంచి పని చేశారు మేడమ్!” అని చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడు కాబట్టి అందరూ కొట్టారు. అందరికంటే గట్టిగా వాచ్‌మాన్ కొట్టాడు. ఫొటోల మనిషి మేడమ్‌నూ, తల్లినీ, కూతురినీ దగ్గరగా నిలబెట్టి ఫొటో తీశాడు. ఇక ఆ సీటు లేదనడం మేడమ్‌కు ఏ భాషలోనూ కుదరలేదు.

నూర్ మొహమ్మద్ వచ్చేసరికి జనం వెళ్ళిపోయారు. చొక్కా కొత్తది, కనుబొమల్లో కంకర దుమ్ము అలాగే ఉంది.

“సీటు మాఫీ అయిపోయింది!” అంది జైబున్నీసా ఎదురెళ్ళి.

అతను గోడ పట్టుకుని కూలబడ్డాడు. “మాఫీనా? అంతేలే. మన రాత.”

“ఏడుస్తావేంటికయ్యా? మేడమే చెప్పింది, రెండుసార్లు!”

“రెండుసార్లు చెప్తే రెండుసార్లు లేదనే కదే! ఈడ మాఫీ అంటే లేదని!”

అంతలో గుమాస్తా వచ్చి, ఫైజా అడ్మిషన్ కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నూర్ మొహమ్మద్ కాగితాన్నీ, భార్యనూ, కూతురినీ మార్చి మార్చి చూశాడు. లేదన్న సీటు చేతిలో ఎలా ఉందో ఫైజా మొదటి నుంచీ చెప్పింది. ఆ పిల్ల అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అతను వినడం అదే మొదలు.

“అయితే ఆ వాచ్‌మాన్ మాఫీ ముష్కిల్ అనింది?” అని మెల్లగా అడిగింది జైబున్నీసా.

“పర్వాలేదన్నాడు నీకు!”

“పర్వాలేదనేదానికి అంత కష్టమైన మాట ఏంటికి పెట్టుకున్నారో!”

ఏప్రిల్‌లో బడి తెరిచిన రోజు, దేశమంతా గాలించి తెలివైన పిల్లల్ని లాక్కునే ఆ బడి ఫైజాకు పుస్తకాలు ఇవ్వలేదు. సుత్తీ ఉలీ ఇచ్చి, బల్ల మీద గట్టిపడిన ఎడారిని చూపించింది.