గిటారుకు రెండో కోటు

ఆదివారం పొద్దున్నే లేచిన లిఫ్టు మెకానిక్ మనసులో ఒక్కటే పని ఉంది: సాయంత్రం కూతురు బడిలో స్టేజీ ఎక్కేలోగా గిటారుకు రంగు పూర్తి చేయాలి. ఎనిమిది నెలలు వరండాలో కూర్చుని కర్ర కోసి, వంచి, అతికించి తన చేతులతో చేసిన గిటారు అది. దాన్ని చూసి ఒక్కరైనా "ఎవరు చేశారండీ?" అని అడగాలి, తను "నేనే" అనాలి. ఆ "నేనే"ను అద్దం ముందు నాలుగైదు రకాలుగా అనుకుని చూశాడు కూడా.

మొదటి కోటు ఎర్రరంగు పట్టించాడో లేదో ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఒక్క ఆదివారం మెట్లెక్కితే వీళ్ళ కాళ్ళు అరిగిపోతాయా అని పళ్ళు నూరుతూ చెప్పులేసుకున్నాడు. ఇంట్లో ఉన్నది అత్తగారొక్కతే. నలభై ఏళ్ళుగా కుట్టుమిషను తొక్కుతున్న మనిషి.

"అత్తయ్యా, గిటారుకు ఇంకో కోటు వేస్తారా?"

"దానికి కోటెందుకు బాబూ?"

"లేకపోతే బోసిగా ఉంటుంది. సాయంత్రం నలుగురూ చూస్తారు."

"మందంగానా?"

"పల్చగా. ఒంటికి అతుక్కున్నట్టుండాలి."

"మరి గుడ్డ?"

"కుర్చీ మీదుంది," అని విసురుగా వెళ్ళిపోయాడు.

కుర్చీ మీద రంగు పూసే పాతగుడ్డ ఉన్నమాట నిజమే. దాని మీద, సాయంత్రానికని తీసిపెట్టుకున్న అతని ఒకే ఒక్క నల్లకోటు కూడా ఉంది. కూతురి కోసం సొంత కోటే కోసెయ్యమన్నాడని అత్తగారి కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

మధ్యాహ్నం లిఫ్టు గొయ్యిలోంచి ఫోను చేశాడు.

"కోటు పట్టిందా అత్తయ్యా?"

"పట్టింది గానీ, నడుం దగ్గర ముడతలొస్తున్నాయి."

"గట్టిగా రుద్దండి మరి!"

ఆవిడ ఇస్త్రీపెట్టె వేడి చేసింది.

నాలుగింటికి ఇల్లు చేరేసరికి గిటారు గోడకానుకుని ఉంది, జేబుతో సహా. రంధ్రం చుట్టూ కాజా కుట్టు. పీకబోతే బట్ట రాలేదు, తడిరంగుకీ వేడికీ కర్రను కరుచుకుపోయింది. అతని గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

"కోటంటే రంగు అత్తయ్యా! రంగు!"

"రంగయితే రంగనే చెప్పాలి కదా బాబూ. నాకు నలభై ఏళ్ళుగా కోటంటే కోటే."

ఆ మాటలో తప్పు పట్టడానికేమీ దొరక్క అతని కోపం రెండింతలైంది. స్టూలును తన్నాడు. కాలివేలు వాచింది. స్టూలును తిట్టాడు.

"టైమైపోతోంది నాన్నా, తీగలు బిగించు," అంది అప్పుడే బయటి నుంచి వచ్చిన కూతురు. పళ్ళు బిగించి తీగలు బిగించాడు.

స్టేజీ మీద గిటారు గొంతు కాస్త బొంగురుపోయినా బాగానే పలికింది. చప్పట్లు ఆగకముందే సంగీతం టీచరు జనాన్ని తోసుకుంటూ అతని దగ్గరికే వచ్చింది.

"ఎవరు చేశారండీ ఇది?"

పగలంతా మండిన గుండె ఒక్కసారిగా చల్లబడింది. "నేనే," అన్నాడు.

"ఆ కాజా ఎంత సన్నగా కుట్టారండీ! మా పిల్లల గిటార్లన్నిటికీ ఇలాగే కోట్లు కుట్టిపెట్టాలి మీరు."

అతను నోరు తెరిచేలోపు అత్తగారు చేతిసంచిలోంచి టేపు తీసి ముందుకొచ్చింది.

గిటారు ఏ షాపులో కొన్నారని కూడా టీచరు అడిగింది.