దేవుడి తరఫున ఎవరు?

ఆ ఉదయం పాస్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే, సాయంత్రం చర్చకు సాధన. విషయం "దేవుడున్నాడా?" అవతలి పక్షం పళ్ళ డాక్టరు, ఆయన పాత స్నేహితుడు. పోయినసారి అతని ముందు పాస్టరుగారు నీళ్ళు నమిలారు. ఈసారీ అంతే అయితే వేదిక మీదికి ఇంకొకర్ని చూసుకుంటామని సంఘపెద్ద మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"కాసేపు నువ్వు డాక్టరువి. నాతో వాదించు," అన్నారు భార్యతో.

"బఠాణీలు ఒలుస్తూనే వాదిస్తా. అన్నిటికీ కారణం కావాలంటే దేవుడికి కారణమెవరండీ?"

"మొదలున్నవాటికే కారణం కావాలి. ఆయనకి మొదలు లేదు."

"లోకానికే మొదలు లేదనుకుంటే పోలా?"

పాస్టరుగారు లేచి బల్లకు అవతలివైపు కూర్చున్నారు. "సరే, నువ్వు దేవుడి వైపు రా. నేను డాక్టర్ని."

కొంప మునిగింది అక్కడే. ఏళ్ళ తరబడి విన్న వాదనలు ఆయన నోట ధారగా వచ్చేశాయి. పసిపిల్లల బాధల దగ్గరికొచ్చేసరికి పోయిన నెల తన చేతుల్లో కన్నుమూసిన సంఘస్థుల పాప గుర్తొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది. "ఆ పాప చావు అన్యాయం! లేడు! దేవుడు లేడు!" అని బల్ల గుద్దారు. బఠాణీలు దొర్లుకుంటూ పోయి గుమ్మంలో నిలబడ్డ సంఘపెద్ద బూట్ల దగ్గర ఆగాయి.

"అయ్యగారూ!"

"అబ్బే, ఇది రిహార్సలండీ!"

"రిహార్సలుకి కన్నీళ్ళొస్తాయా?"

కాసేపట్లో ఇల్లు సంఘంతో నిండిపోయింది. "ఈ సృష్టిలో క్రమం చూడండి," అని పాస్టరుగారు మొదలుపెట్టబోతే, "అది ఇందాక మీరే కొట్టిపారేశారుగా! గుమ్మంలోంచి విన్నాను," అన్నాడు సంఘపెద్ద.

భర్తను ఆదుకోబోయింది భార్య. "నిజంగా రిహార్సలేనండీ. అసలు ముందు దేవుడు లేడని వాదించింది నేనే!"

అందరూ ఇద్దరి కోసమూ మోకరించారు.

కబురు వీధి చివరిదాకా పాకింది. పళ్ళ డాక్టరు నోరు తెరిచి కూర్చున్న రోగిని కుర్చీలోనే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా, దేవుణ్ణి నమ్మడం మానేశావట? నువ్వూ ఇటొచ్చేస్తే నేనెవరితో పోట్లాడను?"

"అది కాదురా, నేను..."

"నోర్ముయ్! పాప చనిపోతే అన్యాయం అన్నావట. లోకమంతా ఉత్త మట్టే అయితే అన్యాయమేంటి, న్యాయమేంటి? నీ కోపమే సాక్ష్యం కాదూ? మన బాధ పట్టని దేవుడైతే నేనూ ఒప్పుకోను. మీవాడు సిలువ దాకా వచ్చాడని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నువ్వేగా!"

పాస్టరుగారు ఇన్నాళ్ళూ గోడకు చెప్పుకుంటున్నాననుకున్నారు. ఆ గోడ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంటే సంతోషంతో కళ్ళు మళ్ళీ చెమర్చాయి.

"ఆమెన్!" అంది ఇల్లంతా. సంఘపెద్ద డాక్టరు చేయి పట్టుకున్నాడు. "సాయంత్రం మా తరఫున మీరే మాట్లాడాలి."

"మరి అవతలి పక్షం?"

అందరూ పాస్టరుగారి వైపు తిరిగారు.

ఆ సాయంత్రం చర్చలో దేవుడు నెగ్గాడు, పాస్టరుగారు మళ్ళీ ఓడిపోయారు.