ఆదా చేసిన శనివారం

దేవుడిచ్చిన సమయాన్ని వృథా చేయకూడదని పాస్టరుగారు ఆదివారం గట్టిగా చెప్పారు. జయచంద్ర మాస్టారికి ఆ హెచ్చరిక అక్కర్లేదు. భార్య ప్రసన్నకుమారి పోయినప్పటి నుంచి ఆయన ఒక్క ఘడియ కూడా ఖాళీగా ఉంచుకోవడం లేదు. బడి, ట్యూషన్లు, సంఘం పనులు. ఖాళీ దొరికితే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసిపోతుంది.

సంఘపెద్దగా ఆ శనివారం ఆయన రెండు ఇళ్లలో ప్రార్థన చేయాలి. ఉన్న ఊరు తిరుపతిలోనే చెంగయ్య తల్లి జ్ఞాపకార్థ కూడిక. పుత్తూరులో, కాలు విరిగి కట్టు కట్టించుకుని కూతురింట్లో ఉన్న గురప్ప పరామర్శ. రెండిళ్లూ తిరిగితే రోజంతా పోతుంది. అందుకని మాస్టారు ఇడ్లీలు ఆరేలోగా రెండు ప్రార్థనలూ ఫోన్లో రికార్డు చేసి, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఒక్కోదాని కింద పేరు రాసి, ఫోను ఆపేసి బడికి వెళ్లారు. తొందరలో పేర్లు తారుమారయ్యాయి.

గురప్ప పేరుతో వెళ్లిన ప్రార్థనలో, "ప్రభువా, ఈ ఆత్మను నీ సన్నిధిలో చేర్చుకున్నావు, మిగిలినవారిని ఆదరించు" అని ఉంది. మాస్టారు చెప్పాక అనుమానమేముంటుంది? కూతురికి ఫోను చేస్తే పాపం ఏడుస్తుందని ఎవరూ చేయలేదు. స్త్రీల సమాజం స్టెల్లా వ్యాను మాట్లాడింది. పాటలవాళ్లు డోలక్ ఎక్కించారు. సమాధుల తోట చూసుకునే ఆయన, మనిషి పొడుగెంతో చెప్పమని గ్రూపులో అడిగాడు.

మధ్యాహ్నం గంట కొట్టాక మాస్టారు ఫోను తెరిచారు. సమయం ఎందుకు వృథా అని పైవన్నీ వదిలేసి చివరివే చదివి, స్టెల్లాకు ఫోను చేశారు.

"గురప్ప పోయినాడామ్మా?"

"అవునయ్యా. పుత్తూరు దగ్గిర్లో ఉండాం. పొద్దున మీ ప్రార్థన విని అందరమూ ఏడ్చినాం."

బాగుపడాలని తాను ప్రార్థించిన పూటే మనిషి పోయాడు. మాస్టారు బడికి సెలవు పెట్టి బస్సెక్కారు. ప్రసన్నకుమారి పోయిన కొత్తలో గురప్ప రోజూ సాయంత్రం వచ్చి వసారాలో కూర్చునేవాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనేవాడు కాదు. వేరుశెనక్కాయలు ఒలిచి చేతిలో పెట్టి, పొట్టు ఊడ్చేసి వెళ్లిపోయేవాడు. అలాంటివాడికి తాను పంపింది రికార్డింగు.

పుత్తూరులో ఆ ఇంటి ముందు వ్యాను ఉంది. లోపల మంచం మీద కట్టుకట్టిన కాలు చాపుకుని, మెడలో పూలదండతో గురప్ప డోలక్ వాయిస్తున్నాడు.

"రాప్పా జయచంద్రా. నన్ను పైకి పంపించేసి, నువ్వు ఇంత నిదానంగా వస్తే ఎట్లా?"

"నేనా?"

"స్టెల్లమ్మా, ఆ ప్రార్థన ఇంకోసారి ఏయమ్మా. బో ఇంపుగా ఉండాది."

"ఈ ఆత్మను నీ సన్నిధిలో చేర్చుకున్నావు" అని ఫోన్లో తన గొంతే వినబడగానే మాస్టారు మంచం పక్కన కూర్చున్నారు. "తప్పయిపోయింది గురప్పా."

"ఏం తప్పులే. ఇన్నాళ్లూ ఒక్కరికీ ఈ తట్టుకు రాను తీరిక లేకపాయె. సచ్చినానంటే వ్యాను కట్టుకోని వచ్చినారు."

స్టెల్లా మూతలు తీస్తూ, "అన్నం గిన్నెలతో తెచ్చినాం, ఎనక్కి మోసుకోని పోలేం, తినండి," అంది.

తిన్నాక వ్యాను వెళ్లిపోయింది. ట్యూషను ఉందని లేవబోయిన మాస్టారి చేతిలో గురప్ప వేరుశెనక్కాయలు పోశాడు. మాస్టారు కూర్చుని ఒలవసాగారు. పొద్దువాలింది.

"నీ బస్సు పోయినట్టుండాదే."

"పోనీ."

అప్పుడు చెంగయ్య ఫోను వచ్చింది.

"అయ్యా, మాయమ్మ కాలెముక అతుక్కోని, తొందరగా లేచి ఇంట్లో తిరగాలని ప్రార్థన చేసినారు. మీ మాట కాదనలేక సుట్టాలంతా ఆమెన్ అనేసినారు. నా పెండ్లాం మాత్రం అప్పట్నుంచి వాకిలి తట్టే సూస్తా ఉండాది."

మర్నాడు ఆరాధన కాగానే మాస్టారు నడిచి చెంగయ్య ఇంటికి వెళ్లి, ఆ ప్రార్థనను వెనక్కి తీసుకున్నారు.