ఎడారిలో ఎర్రబోర్డు

భార్యలారా, మీ భర్తలకు వెంటనే ఒక కంప్యూటరు, అందులో లారీ నడిపే గేమ్ కొనిపెట్టండి! పెళ్ళయి మూడు నెలలైనా కానిదానివి, నువ్వా సలహాలిచ్చేది అంటారా? అనుభవంతో చెబుతున్నానండీ.

మాది రావులపాలెం. మావారు సుధాకర్‌గారు రోజూ సాయంత్రం కాఫీ తాగి అమెరికాలో లారీ ఎక్కుతారు. పక్క కుర్చీ నాది. ఆహా, ఏం క్రమశిక్షణ! ఎనిమిది మూలల ఎర్రబోర్డు మీద స్టాప్ అని కనిపిస్తే చాలు, గీత ముందు లారీ ఆగాల్సిందే. చుట్టూ ఎడారి. మనిషి కాదు కదా, మేక కూడా ఉండదు. అయినా ఎడమకు చూసి, కుడికి చూసి, అప్పుడు కదులుతారు. అలాంటి మనిషి పక్కన కూర్చోవడం ఎంత భరోసా!

మొన్న అత్తయ్యగారు పకోడీల పళ్ళెంతో వచ్చి తెర వైపు చూశారు.

"ఏంటమ్మా, బొమ్మ కదలట్లేదు? పాడైందా?"

"లేదత్తయ్యా, ఆగారు."

"ఎవరొస్తున్నారని?"

"ఎవరూ రావట్లేదండి."

"మరి నిన్న మన వీధిలో గేదె అడ్డమొస్తే ఆగలేదేంటి వీడు?" అంటూ వెళ్ళిపోయారు.

పెద్దవాళ్ళకు టెక్నాలజీ ఏం తెలుస్తుంది? నన్నడిగితే, కాలువగట్ల మీద ఆటోకు పదిహేను మందిని ఎక్కించేవాళ్ళందరికీ ప్రభుత్వమే ఈ గేమ్ పంచాలి. స్పీడ్ బ్రేకర్లు తవ్వేసి వరి నాటుకోవచ్చు!

ఆదివారం బైకు మీద రాజమండ్రి సినిమాకు బయలుదేరాం. సెంటర్లో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కనుంచి అరటిగెలల లారీ వస్తోంది. మావారు ఆ చేతి కింద నుంచే దూరారు. లారీ బంపరు మట్టి నా పైటకొంగుకు అంటింది.

"ఆగొచ్చు కదండీ" అన్నాను, కొంగు దులుపుకుంటూ.

"గేమ్‌లో అయితే ఫైన్ వేస్తాడోయ్. ఇక్కడెవడు వేస్తాడు?"

వంతెన మీద కాస్త ఆపండి, గోదారమ్మకు రూపాయి వేసి మొక్కుకుంటానన్నాను. మొక్కు మరేదో కాదు, నా పసుపుకుంకాలే. ఆపలేదు. వెళ్ళే బండి మీంచి విసిరితే రూపాయి రెయిలింగుకు తగిలి రోడ్డు మీదే పడింది.

గోదారమ్మకు ముట్టలేదు కనుక పసుపుకుంకాలు కాపాడుకునే బాధ్యత నేనే తీసుకున్నాను. స్టీరింగుగా వాడే మౌసు ప్రస్తుతం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మావారు మంచం కింద వెతుకుతున్నారు. సెంటర్లో చెయ్యి చూసి ఆగిన రోజున ఇచ్చేస్తాను.

అంతవరకూ లారీ ఆ ఎర్రబోర్డు ముందే ఆగి ఉంటుంది. పాపం, ఎవరూ రావట్లేదు.